మళ్ళీ కలిపిన పేక

కిందటి వారం ఫెలీసాను మనం పక్కింట్లో, మనోంగ్ టెబాన్ శవపేటిక దగ్గర వదిలిపెట్టాం. ముప్ఫై ఏళ్లు ఆమెకు ఎదురుగా కూర్చుని పేకాడిన పెద్దాయన, ఊరందరికీ మనోంగ్, అంటే పెద్దన్న. పోయేముందు ఆయన కోరుకున్నట్టే ఆయన చేతి పక్కన ఫెలీసా తన పాత పేక డబ్బా పెట్టి, అద్దం మూత తనే దించింది. డబ్బాకు రబ్బరు బ్యాండు మూడు చుట్లు ఎందుకు చుట్టిందని ఎవరూ అడగలేదు. అది మొన్నటి సంగతి.

వెదురు తడికకు ఇవతల, ఫెలీసా ఇంట్లో, ఆమె కూతురు జెనెలిన్ పచ్చి బాలింత. మూడో కాన్పు. మూడు వారాలు ముందే వచ్చి, ఊరి మంత్రసాని చేతుల్లో ఇంట్లోనే జరిగిపోయింది. మొదటి మగపిల్లాడు పన్నెండు రోజులు బతికాడు. తర్వాతి ఆడపిల్ల తొమ్మిది రోజులు. ఇంకా పేరు పెట్టక టోటో, అంటే బాబు, అని పిలుస్తున్న ఈ పిల్లాడికి ఇవాళ నాలుగో రోజు.

నాలుగో రోజు. పొద్దున్న లేచినప్పటి నుంచి ఫెలీసా ఈ మాటను నోట్లో గులకరాయిలా దొర్లిస్తూనే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది. అరగంట తర్వాత మళ్ళీ చూసుకుంది. పాదాలు చల్లగా ఉంటే భయపడి మేజోళ్ళు తొడిగింది. వెచ్చబడ్డాక జ్వరమేమోనని భయపడి తీసేసింది. జెనెలిన్ విసుక్కుంటే తప్ప బయటికి కదల్లేదు.

"వెళ్ళు నానయ్, వెళ్ళమ్మా. నువ్విలా చూస్తుంటే వాడికే భయమేస్తుంది. నిద్రపోతున్నాడు, పోనీ."

వెళ్ళింది. వెళ్ళక తప్పదు కూడా. ఆ ఊళ్ళో శవం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బల్ల మీద పేక ఆగకూడదు. ప్రతి ఆటకూ ఒక నాణెం ఇంటివాళ్ళ రేకు డబ్బాలో పడాలి. పెట్టె ఖర్చూ, కాఫీ ఖర్చూ అందులోంచే వెళ్ళాలి. ఎవరు పోయినా పేక కలిపి పంచడానికి ఫెలీసానే పిలుస్తారు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన మనిషే, కానీ ముక్కలు ఆమె చేతిలో నీళ్ళలా జారతాయి. మోసం చేసిందని ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ అనలేదు.

ఇంకో కట్టుబాటు ఉంది. శవమున్న ఇంటి నుంచి తిన్నగా సొంతింటికి పోకూడదు. పోయినవాళ్ళు వెంట వస్తారు. మధ్యలో ఎక్కడైనా కాసేపు ఆగి, వాళ్ళను అక్కడ వదిలించుకుని రావాలి. ఫెలీసా ఇంటికి పది అడుగులు. ఆ పది అడుగులకోసం ఈ ఐదు రోజులూ ఆమె వీధి చివర కొట్టుదాకా నడిచి, ఒక బిస్కట్టు కొనుక్కుని, బెంచీ మీద కూర్చుని, చుట్టూ తిరిగి ఇంటికి చేరుతోంది. "మా ఆయన చచ్చి నీ కొట్టుకి బేరం తెచ్చాడు" అని మనాంగ్ బినింగ్ కొట్టుదానితో అంది కూడా. ఈ బినింగే టెబాన్ పెళ్ళాం, ఊరికి మనాంగ్, అంటే పెద్దక్క. ఏడవడం మూడో రోజుకే అయిపోయి, ఇప్పుడు గరిటె పట్టుకుని కోడి గంజి వడ్డిస్తోంది.

ఒంటిగంటకు శవాన్ని చర్చికి తీసుకెళ్ళాలి. పదకొండు దాటింది. ఆఖరి ఆటలు. టార్పాలిన్ మీద వాన సన్నగా పడుతోంది. చెరకు మిల్లు తన మానాన తాను రొద పెడుతోంది. సీజను మొదలై నెల దాటింది కాబట్టి ఊరంతా మాడిన పంచదార వాసనే. గంజిలో అదే, కాఫీలో అదే, చచ్చినాయన మీద చల్లిన పూలలోనూ అదే.

"మనాంగ్ ఫెలీసా, ఈసారి బాగా కలుపు," అన్నాడు మనోంగ్ దోల్ఫో. చెరకు లారీ నడిపి నడిపి మానేసిన మనిషి. అదృష్టం తిరగాలని కుర్చీని వెనక్కి తిప్పి వేసుకుని, దాని మీద చేతిరుమాలు పరిచి కూర్చున్నాడు. "పొద్దుట్నుంచి తొమ్మిది చేతులు. నాలుగు ఆసులో, నాలుగు తొమ్మిదులో, అలా నాలుగూ ఒకే ముక్క ఒక్కసారీ పడలేదు. పదోసారి పడి తీరాలి. నా పందెం మూడింతలు."

"తీరాలని ఎవరు రాసిచ్చారు నీకు?"

"లెక్క. తొమ్మిదిసార్లు రాలేదంటే దగ్గరపడినట్టేగా."

"జీపు కోసం నించున్నావనుకున్నావా, నించున్నకొద్దీ దగ్గరపడ్డానికి?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. బినింగ్ గంజి గిన్నె దోల్ఫో ముందు పెట్టింది. "మా ఆయన కూడా ముప్ఫై ఏళ్ళూ ఇదే అన్నాడు. ఈసారి దగ్గరపడింది, ఈసారి దగ్గరపడింది అని. ఇదిగో, పడ్డాడు."

ఫెలీసా నవ్వలేదు. దోల్ఫో మూడింతల పందెం విని ఆమెకు భయం వేసింది. ఆమెకు ఎవరి పందెమైనా భయమే. "పదమూడు ముక్కల్లో అలా నాలుగూ ఒకే ముక్క రావడమంటే ముప్ఫై చేతులకు ఒకసారి కనబడుతుంది మనోంగ్. అదైనా మాటిచ్చి రాదు. వరసగా రెండుసార్లు రావచ్చు, వంద చేతులదాకా రాకపోవచ్చు. మొదటి చేతికి ఎంత ఆశో పదో చేతికీ అంతే."

"అదెలా? నాలుగు ఆసులూ బల్ల మీద పడ్డాక ఇంక ఆసు రాదని నువ్వే అంటావు. అంటే పేకకి గుర్తున్నట్టేగా?"

"పంచుతున్నంతసేపూ గుర్తుంటుంది. బయటికొచ్చిన ముక్క మళ్ళీ లోపల లేదు కాబట్టి. చెయ్యి అయిపోయాక అన్నీ ఏరి, కలిపి, కోశాక ఏం గుర్తుంటుంది? యాభైరెండూ మళ్ళీ లోపలే. నీ తొమ్మిది చేతులూ దానికి తెలీవు. అసలు నువ్వెవరో దానికి తెలీదు."

"తెలుసు. నా మీద పగబట్టింది."

"సరే, చూడు." ఫెలీసా పేక కలిపింది, కోసింది, విసనకర్రలా పరిచింది. "ఒకటి తియ్యి."

దోల్ఫో తీశాడు. ఇస్పేటు తొమ్మిది. ఫెలీసా దాన్ని తిరిగి లోపల పెట్టి, నాలుగుసార్లు కలిపి, మళ్ళీ పరిచింది. ఈసారి ఇస్పేటు జాకీ. అది కూడా లోపలికి పోయింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ పరిచింది. బల్ల చుట్టూ మెడలు ముందుకు సాగాయి.

"ఇప్పుడు చెప్పు. మూడోది ఇస్పేటవుతుందా?"

"వరసగా రెండొచ్చాయి. మూడోది రానే రాదు. నా పింఛను పందెం."

"పింఛను జేబులోనే ఉంచుకో. నాలుగు రంగులు, రంగుకు పదమూడు. మొదటిసారి ఇస్పేటు రావడానికి నాలుగింట ఒకటి. రెండోసారీ నాలుగింట ఒకటి. ఇప్పుడూ నాలుగింట ఒకటే. ముందొచ్చిన రెండూ దీని చెవిలో చెప్పేదేం లేదు. లోపల పెట్టి కలిపాక ప్రతిదీ మొదటిదే."

ఆ మాట నోట్లోంచి జారుతుండగానే, కూతురు వింటోందని ఆమెకు తెలిసింది. తడికకు అవతల ఊయల తాడు కిర్రుమనడం ఆగిపోయింది.

దోల్ఫో చెయ్యి ముక్కల మీద తచ్చాడుతోంది. తర్వాత కిటికీలోంచి జెనెలిన్ గొంతు వచ్చింది. పెద్దగా ఏమీ లేదు, పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టే ఉంది.

"నానయ్. ఇందాకటి మాట మళ్ళీ అను."

"ఏ మాట ఇందాయ్, నా చిట్టితల్లీ? మనోంగ్ దోల్ఫోతో ఊరికే…"

"నాలుగింట ఒకటి అన్నావు. ముక్క తీశాక లోపల పెట్టేస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుందన్నావు."

"పేక గురించమ్మా."

"నా ఆటలో ముక్క లోపల పెడతారా, బయటే ఉంచుతారా?"

బల్ల దగ్గర ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దోల్ఫో మాత్రం తన ముక్క తిప్పి చూసుకుని తొడ చరుచుకున్నాడు. "ఆఠీను రాణి. చెప్పానా లేదా? మూడోది రాదన్నాను, రాలేదు."

ఫెలీసా లేచింది. కాఫీ కప్పు ఒలికింది. బినింగ్ వెనకనుంచి పిలిచింది. "ఫెలీసా, కొట్టు దగ్గర ఆగి వెళ్ళు. పసిబిడ్డున్న ఇల్లది."

ఐదు రోజుల్లో మొదటిసారి ఆమె ఆగలేదు. తిన్నగా పది అడుగులూ వేసేసింది. ఆ పది అడుగుల్లోనూ ఆమె బుర్రలో ఒకటే తిరిగింది. ఆఠీను రాణి. ఎర్ర ముక్క వచ్చింది. మూడోది ఎర్ర ముక్కే వచ్చింది. గడప దాటాక గానీ తనకు సిగ్గేయలేదు. బల్ల మీద ముక్క ఏదైతే మాత్రం, ఈ ఇంట్లో ఊయలకు దానితో ఏం పని? ఇప్పుడేగా దోల్ఫోకు ఇదే నేర్పింది.

జెనెలిన్ చాప మీద కూర్చుని ఉంది. పిల్లాడు ఒళ్ళో ఉన్నాడు. కళ్ళు సగం మూసుకున్నాడు.

"కూర్చో నానయ్. బకోలోద్ పట్నం నుంచి వచ్చిన రోజు నాకేం చూపించావో మళ్ళీ చూపించు."

చూపించక్కర్లేదు. ఇద్దరికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఏడాదిన్నర కిందట, రెండో బిడ్డ పోయాక, మనీలా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ జెనెలిన్‌దీ, అల్లుడు ఆర్నెల్‌దీ రక్తం తీసి పరీక్షకు పంపింది. ఫలితం వినడానికి ఫెలీసా ఒక్కతే వెళ్ళింది. జెనెలిన్ వెళ్ళే స్థితిలో లేదు. ఆరు వారాలుగా గంజి తప్ప ఏదీ నోట పెట్టలేదు. మిల్లు కాలవ గట్టు మీద గంటలు గంటలు నించునేది. ఫెలీసా రోజూ చెట్ల చాటునుంచి కాపలా కాసేది. ఆ రోజు బకోలోద్ నుంచి తిరిగొచ్చి, ఇదే చాప మీద కూతురి ముందు ఎనిమిది ముక్కలు పరిచింది. రెండు ఇస్పేట్లు, ఆరు ఎర్రవి. "నాలుగింట ఒకటి చెడ్డదట. అంటే ఎనిమిదింట రెండు. ఆ రెండూ ముందే పడిపోయాయి ఇందాయ్," అని రెండు ఇస్పేట్లూ తీసి పక్కన పెట్టేసింది. "ఇంక నీ కడుపులో అన్నీ ఎర్రవే."

"నీకు తెలిసే చెప్పావా, తెలీక చెప్పావా? ఒక్క మాట చెప్పు చాలు."

తెలీక అనేస్తే పోయేది. నాలుగో తరగతి మనిషి, డాక్టరమ్మ మాట అర్థం కాలేదంటే నమ్మేవాళ్ళే. కానీ ముప్ఫై ఏళ్ళు పేక కలిపిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"తెలుసు," అంది ఫెలీసా. "డాక్టరమ్మ అదే చెప్పింది. ప్రతి బిడ్డా కొత్త పేకే అని. ఆమె పేక అనలేదు. నాకలా అర్థమైంది."

"తెలిసీ."

"నువ్వు అన్నం తిన్నావు ఇందాయ్. ఆ రోజు ఆ ముక్కలు చూశాక, ఆరు వారాల తర్వాత, చేప వేయించమని అడిగి తిన్నావు."

జెనెలిన్ ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

"నాలుగింట మూడు మంచివి," అంది ఫెలీసా. తన గొంతు తనకే దోల్ఫో గొంతులా వినబడింది. "నాలుగింట మూడంటే మంచి చెయ్యే. మంచి చేతి మీద పందెం కాశాను, అంతే."

"పందెం నువ్వు కాశావు. పేక నా కడుపులో ఉంది."

బయట బల్ల దగ్గర మళ్ళీ ఆట మొదలైంది. ఎవరో ఫెలీసా బదులు కలుపుతున్నారు. ముక్కలు జారి కింద పడుతున్నట్టున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి.

"డాక్టరమ్మ ఇంకేం చెప్పింది?"

ఈ ప్రశ్నకే ఫెలీసా ఈ కడుపు వచ్చినప్పటి నుంచీ భయపడుతోంది. ఎనిమిదో నెల వచ్చాక చెబుదామనుకుంది. ఎనిమిదో నెలలో వానలని ఆగింది. తర్వాత టోటో ఆగలేదు. పుట్టిన మొదటి రోజు వాడు గట్టిగా పాలు లాగాడు. రెండో రోజు కూడా. ఆ రెండో రోజు ఆమెకు ఎంత ధైర్యమొచ్చిందంటే, ఆ ధైర్యంలో ఏం చేసిందో ఇప్పుడు తలుచుకోవడానికి కూడా భయంగా ఉంది.

"చెప్పు నానయ్."

"మళ్ళీ కడుపొస్తే పట్నంలోనే కనాలంది. పుట్టిన మర్నాడే రక్తం చూడాలంది. తేలేదాకా తల్లిపాలు ఇవ్వకూడదంది. పాలల్లో ఉండేది ఏదో అలాంటి బిడ్డ ఒంటికి అరగదట. అరగనిది మెదడుకి ఎక్కుతుందట. దానికి వేరే పాలపొడి ఉందంది. మనీలా నుంచి తెప్పించాలి. మొదటి వారంలోనే పడితే బతుకుతారంది."

జెనెలిన్ తన రవిక వైపు చూసుకుంది. పాలు చేపి, రవిక ముందు తడిసి ఉంది. ఆమె నెమ్మదిగా పమిటలా చుట్టుకున్న తువ్వాలు లాగి దాన్ని కప్పేసింది.

"నాలుగు రోజులుగా ఇస్తున్నాను," అంది. "రాత్రి నుంచి సరిగ్గా పట్టుకోవట్లేదు. నిద్రమత్తనుకున్నాను. నిద్రపోతే పోనిమ్మని నిన్ను కసిరాను."

ఫెలీసాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న అది. పోయిన పిల్లల ఉచ్చ మాడిన పంచదార వాసన వచ్చేదా అని. ఫెలీసాకు ఆ రోజు నవ్వొచ్చింది. "డాక్టరమ్మా, మాది మిల్లు గేటు ముందు ఇల్లు. సీజన్లో మా ఊళ్ళో మేయరు ఉచ్చ కూడా అదే వాసన," అంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇద్దరు పిల్లలూ మిల్లు ఆడే రోజుల్లోనే పుట్టారా అని మాత్రం అడిగి, ఏదో రాసుకుంది.

ఇప్పుడు ఆమె వంగి, పిల్లాడి కింది గుడ్డ లాగింది. ముఖానికి ఆనించుకుంది. మాడిన పంచదార. తన చెయ్యి వాసన చూసుకుంది. మాడిన పంచదార. కిటికీ తెర, చాప, కూతురి జుట్టు. అన్నీ అదే. గుడ్డ నుంచి వస్తోందో, గుడ్డలోకి వస్తోందో ఎవరు చెప్పగలరు? జెనెలిన్ కూడా గుడ్డ తీసుకుని చూసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తెలియట్లేదు," అంది జెనెలిన్.

"తెలియట్లేదంటే లేదేమో ఇందాయ్."

"మళ్ళీ మొదలుపెట్టకు నానయ్."

సరిగ్గా అప్పుడు ఏదో మారింది. ఏం మారిందో వెంటనే తెలియలేదు. చెవులు దిమ్మెక్కినట్టయింది. తర్వాత గ్రహించారు. మిల్లు రొద ఆగిపోయింది. నెల రోజులుగా పగలూ రాత్రీ ఆగనిది, ఆగింది. వానచుక్కలు విడివిడిగా వినబడసాగాయి. పక్కింట్లో బినింగ్ గరిటె గిన్నెకు తగలడం కూడా వినబడింది.

కాసేపటికి ఆర్నెల్ వచ్చాడు. బాయిలర్ దగ్గర పనిచేసే అల్లుడు, మసి మొహం, తడిసిన టోపీ. గుమ్మంలోనే చెప్పులు విదిలించాడు. "పెద్ద రోలరు విరిగింది. సాయంత్రందాకా ఆడదు. మనోంగ్ టెబాన్ అదృష్టం, పెట్టె మోయడానికి మిల్లు మిల్లంతా వస్తోంది." అప్పుడతను ఆడవాళ్ళిద్దరి ముఖాలు చూసి, తర్వాత ఒళ్ళో ఉన్న కొడుకును చూశాడు. "ఏమైంది?"

జెనెలిన్ చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది. తల్లిని ఒక్క మాట కూడా అనకుండా చెప్పింది. తిట్టినా బాగుండేదని ఫెలీసాకు అనిపించింది. ఆర్నెల్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ముందు తన తల్లిని అడుగుదామన్నాడు. తర్వాత ఆ మాట కూడా వదిలేశాడు.

"వాసన పోతుంది చూడు," అన్నాడు చివరికి. "మిల్లు ఆగాక, సముద్రపు గాలి కొడితే, అరగంటలో వీధిలో వాసన పోతుంది. అప్పుడు చూడొచ్చు."

ఆ అరగంట ఎలా గడిచిందో చెప్పడం కష్టం. ముగ్గురూ కిటికీలు తెరిచారు. తెరలు ఊడదీశారు. ఆర్నెల్ మిల్లు చొక్కా విప్పి వీధిలోకి విసిరేశాడు, తల మీద రెండు చెంబుల నీళ్ళు పోసుకున్నాడు. పిల్లాడికి కొత్త గుడ్డ మార్చారు. వాడు దాన్ని తడిపేదాకా, ఊళ్ళో పెద్దవాళ్ళు వాన మబ్బుకోసం చూసినట్టు, వాడి కింద చూస్తూ కూర్చున్నారు. తడిపాడు. పడమటి గాలి వచ్చింది. మొదట వీధిలోంచి వాసన పోయింది. తర్వాత ఇంట్లోంచి. మట్టి వాసన వచ్చింది, పక్కింటి నుంచి అల్లం వేసిన గంజి వాసన, పెట్టె మీద పూల వాసన. ఫెలీసా చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. వేళ్ళు సబ్బు వాసనే వేస్తున్నాయి.

గుడ్డ వాసన ముందు ఆర్నెల్ చూశాడు. జెనెలిన్‌కు ఇచ్చాడు. ఆమె కూడా చూసి ఫెలీసాకు ఇచ్చింది.

బెల్లం పాకం అడుగంటినప్పుడు వచ్చేదే. మిల్లులో లేదు, వీధిలో లేదు, ఇంట్లో లేదు. గుడ్డలో ఉంది.

ఫెలీసా ఆ గుడ్డను మడిచి చేతిలోనే పట్టుకుంది. పోయిన ఇద్దరి గుడ్డలూ ఈ చేతులతోనే ఉతికింది. వాళ్ళ నెత్తి వాసన చూసి "చెరకు బిడ్డలు" అని ముద్దాడింది. రెండుసార్లు ముక్క తన ముఖం మీదే తెరుచుకుని ఉన్నా చదవలేకపోయింది. మూడోసారి చదవగలిగింది. చదివి ఏం లాభం?

"పట్నం పోదాం," అన్నాడు ఆర్నెల్. "ట్రైసికిల్ తెస్తాను, హైవే మీద బస్సు పట్టుకుందాం."

"పోయిన రెండుసార్లూ పోలేదా?" అంది జెనెలిన్. "రక్తంలో చీము అన్నారు, సూదులు పొడిచారు, ఒకర్ని పన్నెండో రోజు, ఇంకొకర్ని తొమ్మిదో రోజు గుడ్డలో చుట్టి ఇచ్చారు. ఈసారి జబ్బు పేరు కావాలి. పాలపొడి ఉన్నవాళ్ళ నంబరు కావాలి." తల్లి వైపు తిరిగింది. "డాక్టరమ్మ కాగితం ఇచ్చే ఉంటుంది. ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"పేరూ నంబరూ అందులో ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇది చూపిస్తే ఏ ఆసుపత్రిలోనైనా అర్థమవుతుందంది. ఆ పేరు చదివి కూడా వినిపించింది. నాకు నోరు తిరగలేదు."

"ఏదీ?"

ఫెలీసా కళ్ళు అలవాటుగా మేరీమాత పటం కింద ఉన్న అలమర వైపు వెళ్ళాయి. అక్కడ దుమ్ములో నలుచదరంగా ఒక ఖాళీ ఉంది, పేక డబ్బా అంత. జెనెలిన్ కూడా ఆ ఖాళీనే చూసింది. ఫెలీసా ఏడాదిన్నరగా ఆ కాగితాన్ని ముక్కల కింద మడిచి దాచింది. కూతురికి చదవడం వచ్చు, పేకాట రాదు, ఆ డబ్బా ఎప్పుడూ ముట్టదు. మొన్న, పిల్లాడు గట్టిగా పాలు లాగిన రెండో రోజున, టెబాన్ చేతి పక్కన డబ్బా పెట్టాల్సి వచ్చినప్పుడు కాగితాన్ని బయటికి తియ్యబోయింది. తియ్యలేదు. భూమిలోకి పోతే ఇంక ఎవరికీ అక్కర్లేదనుకుంది. భయాన్ని పాతిపెట్టేయొచ్చనుకుంది. అందుకే రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టింది.

"నానయ్. డబ్బా ఏది?"

ఫెలీసా తడిక వైపు తిరిగింది. చెప్పాల్సిన పని లేకపోయింది. పక్కింట్లో పాట అందుకున్నారు. ఒంటిగంట. దోల్ఫో గొంతు వినబడింది. "ఎడమ పక్కవాళ్ళు కాస్త కిందికి. వానలో జారుతుంది, జాగ్రత్త."

ఆమె గడప దాటి వానలోకి వెళ్ళింది. పెట్టె ఆరుగురి భుజాల మీద ఉంది. అద్దం మూత మీద చెక్క మూత బిగించేశారు, నాలుగు మూలలా నాలుగు మరలు. ఫెలీసా ముందుకు వెళ్ళి చెక్క మీద చెయ్యి వేసింది.

"దించండి," అంది. "మూత తియ్యాలి."

పాట ఆగింది. మోసేవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నల్ల గుడ్డ తల మీదికి లాక్కుంటూ బినింగ్ ముందుకొచ్చింది. కోపంగా కాదు. చిన్నపిల్లకు చెబుతున్నట్టు చెప్పింది.

"గడప దాటిన పెట్టె మూత మళ్ళీ తెరిస్తే, ఆయన తోడుకి ఇంకొకర్ని పిలిచినట్టు. నీకు తెలీదా? ఇందాక తిన్నగా ఇంటికి పోయావు. ఇప్పుడిది. ఎవర్ని పిలుస్తున్నావు ఫెలీసా?"

పేకకు ఏదీ గుర్తుండదు, ఎవరూ తెలీదు అని పొద్దున్న అందరి ముందూ చెప్పిన నోరు ఇప్పుడు పెగల్లేదు. చెయ్యి మాత్రం చెక్క మీదే ఉంది, వాన దాని మీదుగా కారుతోంది. అప్పుడే వెనక, ఆమె ఇంట్లోంచి, పొద్దుటి నుంచి నోరు విప్పని పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. సన్నగా, ఎత్తుగా, కీచుమంటూ. ఆ ఏడుపు ఆమె అంతకుముందు రెండుసార్లు, పోయిన పిల్లల ఆఖరి రోజుల్లో విన్నది.